బొంతల జ్యూరీలో నా చీర

హనుమకొండలో మాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. ఎవరు ఏ చీర తెచ్చినా దానికి సరిపోయే బ్లౌజు గుడ్డ, లైనింగు, ఫాల్ తీసివ్వడం నా పని. బిల్లు రాయడం, వచ్చినవాళ్లను నవ్వుతూ పలకరించడం మా ఆయన పని. కళతో మా ఇద్దరికీ అంతకు మించి సంబంధం లేదు. అలాంటి నన్ను ఒక ఆర్ట్ ఎగ్జిబిషన్‌కు జడ్జిగా పిలిచారంటే అందులో నా గొప్ప ఏమీ లేదు. రావలసిన ఆవిడకు డెంగీ వచ్చింది.

పిలిచింది ఊళ్లో ఒక మహిళా క్లబ్బు సెక్రటరీ. ఎప్పటినుంచో మా షాపుకు వచ్చే మనిషే. ఆ రోజు కూడా లైనింగు కోసమే వచ్చి, మీటరు కోయించుకుని, కౌంటరు మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది.

"అక్కా, జర మీరు కూసోవాలె. ఇద్దరు జడ్జీలు బయటోళ్లు. ఒక్కరన్న లోకల్ ఉండాలని రూల్ పెట్టినం. పెట్టింది మేమే, ఇరుక్కున్నది గూడ మేమే."

"ఆర్ట్ గురించి నాకేం దెలుసమ్మా?"

"గుడ్డ గురించి తెలుసు గదా. ఆడున్నయన్నీ గుడ్డలే."

అవి ఆర్ట్ క్విల్టులట. అంటే బొంతలే, కానీ కప్పుకోవడానికి కాదు, గోడకు వేలాడదీసి చూడడానికి. వచ్చినవాటిలో పేర్లు దాచి, నంబర్లు మాత్రమే ఉంచి ముగ్గురు జడ్జీలు చూస్తారు. నచ్చినవే ప్రదర్శనకు ఉంటాయి. మిగిలినవి తిరిగి ఇంటికి పోతాయి. మా అమ్మ కుట్టిన బొంతను ఎవరైనా ఇలా పరీక్ష చేసి ఇంటికి పంపించి ఉంటే ఆమె ఏం చేసేదో అనుకుంటూ సరేనన్నాను. నిజం చెప్పాలంటే 'జడ్జి' అనే మాట చెవులకు బాగుంది. మా ఆయన కూడా ఆ సాయంత్రం దాకా వచ్చిన ప్రతి కస్టమరుకూ, "మా ఆమె జడ్జి అయింది," అని చెప్పారు. ఇద్దరు ముగ్గురు కోర్టు అనుకుని నన్ను మర్యాదగా చూశారు.

చీకటి పడేసరికి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. మా ఆయనకు స్వయానా అక్క, నాకు వదిన. వరంగల్‌లో ఉంటుంది, కుట్టుపని వచ్చు.

"జడ్జివట గదనే. నేను గూడ ఒకటి ఇచ్చిన. ఏదో చెప్పను, రూల్ గద. నువ్వు చూడంగనే గుర్తువడ్తవ్ తీ," అని నవ్వింది.

మా ఇద్దరి మధ్యా అప్పటికి ఆరేడేళ్లుగా ఒక చీర ఉంది. ఆ సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

గంధం రంగు పట్టుచీర, నేరేడుపండు రంగు అంచు. అంచు పొడవునా చిలకలు జంటలు జంటలుగా ఎదురెదురుగా ఉంటాయి. ఒక్కచోట మాత్రం నేసినాయన ఏ ధ్యాసలో ఉన్నాడో, ఒక చిలక తన జంటకు వీపు తిప్పేసింది. నేను ఆ లోపం చూసి మరీ కొన్నాను. ఎంత వెతికినా అలాంటిది ఇంకోటి దొరకదు కదా. మా ఆయన దాన్ని 'అలిగిన చిలక' అనేవారు. మా వదిన తన బిడ్డ నిశ్చితార్థానికి కట్టుకుంటానంటే ఇచ్చాను. అంతే, ఆ చీర మళ్లీ నా బీరువాలోకి రాలేదు.

అడిగితే ఆమె, "నేను ఇచ్చిన. నువ్వు మీ అమ్మోళ్లతోని మేడారం పోయినప్పుడు షాపుకచ్చి తమ్ముని చేతుల వెట్టిన," అంటుంది.

మా ఆయన్ను అడిగితే, "ఇచ్చిందేమో. ఇయ్యలేదేమో. షాపుల దినాం ఎన్ని కవర్లు వస్తయ్, నాకేం యాదికుంటది?" అంటారు.

ఆ 'ఏమో'ల మధ్య మేమిద్దరం ఇన్నేళ్లు నలిగాం. పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చుంటాం, అన్నం వడ్డించుకుంటాం, చీరల మాట వస్తే మాత్రం ఇద్దరం మరో వైపు చూస్తాం. నేను దొంగతనం మోపానని ఆమె చుట్టాలందరికీ చెప్పుకుంది. నేను మోపలేదు. మనసులో అనుకున్నాను, అంతే.

ఎగ్జిబిషన్ పెట్టింది ఒక ఫంక్షన్ హాల్లో. మూఢం కాబట్టి పెళ్లిళ్లు లేవు, హాలు ఖాళీగా దొరికింది. వేదిక మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే ఎర్ర మఖమలు కుర్చీలు రెండూ అలాగే ఉన్నాయి. గేటు ముందు కార్లు ఆగడం చూసి రోడ్డున పోయేవాళ్లు తొంగిచూసి, "మూఢంల ఎవలదే పెండ్లి?" అని అడిగి పోయేవారు.

మిగతా జడ్జీలలో ఒకరు హైదరాబాద్ నుంచి వచ్చిన రిటైర్డ్ పెయింటింగ్ లెక్చరరు గారు. తెల్ల గడ్డం, మెడలో కళ్లజోడు తాడు. ఇంకొకరు విశాఖపట్నం ఆవిడ. కత్తిరించిన జుట్టు, చేతినిండా సూది గుచ్చుకున్న మచ్చలు. నలభై ఏళ్లుగా క్విల్టులు కుడుతున్నారట. మా ముగ్గురికీ తలా ఒక స్టిక్కర్ల షీటు ఇచ్చారు. నచ్చితే పచ్చది, లేకపోతే ఎర్రది.

మొదటి బొంత ముందు లెక్చరరు గారు చాలాసేపు నిలబడి, "ఇందులో టెన్షన్ చూశారా?" అన్నారు.

"చూసిన సార్," అన్నాను నేను ఉత్సాహంగా. "కింది దారం బాగా బిగిసింది. అందుకే గుడ్డ ముడుచుకున్నది."

విశాఖపట్నం ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. లెక్చరరు గారు మాత్రం నవ్వకుండా, ఆ ఎరుపుకీ ఈ నీలానికీ మధ్య ఉన్న లాగుడు గురించి ఓపిగ్గా చెప్పారు. వింటే నిజమే అనిపించింది. తర్వాత ఆ మాట నేనూ రెండుసార్లు వాడాను, ఒకసారి తప్పుగా.

మరోచోట మొత్తం నల్లగుడ్డ, దాని మీద అడ్డంగా ఒకే ఒక తెల్ల దారం. ఏమనాలో తోచక, "కరెంటు పోయినట్టున్నది సార్," అన్నాను.

"ఎగ్జాక్ట్‌లీ!" అని ఆయన నా వైపు గౌరవంగా చూశారు. ఆ చూపుతో నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతోనే తరువాతి బొంత ముందుకు వెళ్లి, చూడగానే ఎర్ర స్టిక్కరు అంటించాను. మెరిసే సాటిన్ మీద పెద్ద నెమలి, తోక నిండా చమ్కీలు, కన్నులకు అద్దాలు, కింద ఇంగ్లీషులో 'సేవ్ వాటర్'. దాని ముందు నిలబడితే ఎండలో స్టీలు బిందె చూసినట్టు కళ్లు జిగేల్మన్నాయి. మిగతా ఇద్దరూ ఎర్రదే పెట్టారు. కానీ ముందు పెట్టింది నేనే.

దాని పక్కదే ఆ బొంత.

వరద వచ్చిన కాలనీ. డాబా మీద నుంచి చూస్తున్నట్టుంది. సందుల నిండా బురదనీళ్లు, గోడల అంచులు మాత్రం కనబడుతున్నాయి. ఒకామె నెత్తి మీద గ్యాసు పొయ్యి పెట్టుకుని నడుము లోతు నీళ్లలో వస్తోంది. పిట్టగోడ మీద కోళ్ల గంప. దూరంగా గోధుమరంగు పడవ ఒకటి. ఆ బురదనీళ్లు గంధం రంగులో, ఎటు జరిగి చూస్తే అటు మెరుస్తూ పారుతున్నాయి. మా ఊళ్లను ముంచిన ఆ వానలకు మా షాపులోకీ నీళ్లు వచ్చాయి. తడిసిన లైనింగు తాన్లు భుజాన వేసుకుని నేను ఇలాగే నడిచాను.

"ఆ పడవ బ్రౌన్ చూడండి," అన్నారు విశాఖపట్నం ఆవిడ. "రంగు వేసినట్టు లేదు, గుడ్డలోంచే పుట్టినట్టుంది. టీ డికాక్షన్‌లో ముంచి ఉంటారా?"

దగ్గరికి వెళ్లి చూశాను. పడవ కాదు నా కంట పడింది. పిట్టగోడ చివర, నేరేడుపండు రంగు గుడ్డముక్క మీద, తన జంటకూ ఆ నీళ్లకూ వీపు తిప్పి కూర్చున్న చిలక.

నా చీర. నా అలిగిన చిలక. ముక్కలు ముక్కలుగా కోసి, నా ముందరే గోడకు వేలాడదీసి ఉంది. 'చూడంగనే గుర్తువడ్తవ్' అని మా వదిన ఎందుకు నవ్విందో అప్పుడు తెలిసింది. ఎంత గుండె!

"ఏమైంది, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు విశాఖపట్నం ఆవిడ.

"టెన్షన్," అన్నాను.

ఎర్ర స్టిక్కరు తీశాను. బొంత వైపు చూశాను. గ్యాసు పొయ్యి మోస్తున్నామె నడుము దగ్గర నీళ్లు చీలి రెండు పాయలుగా పోతున్నాయి. దొంగ అయితే అయింది కానీ, ఎంత బాగా కుట్టింది అనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా కోపం వచ్చింది. చివరికి పచ్చదే అంటించాను. అంటించిన చెయ్యి నాది కాదన్నట్టు వెంటనే వెనక్కి తీసుకున్నాను.

సాయంత్రం టీ తాగుతూ మా ఆయనకు చెప్పాను. టీ పొలమారి దగ్గారు.

"నీ చీరే అని ఎట్ల చెప్తవ్? చిలకలు లోకంల మస్తున్నయ్."

"అలిగిన చిలక ఒక్కటే ఉన్నది."

"పోనియ్ రాదు. పోయిన చీర పోయింది. దానికి ప్రైజ్ గీజ్ ఇయ్యకుండ్రి, ఇంటికి వంపియ్యుండ్రి. స్టేజెక్కితే మాటలస్తయ్. గొడవలైతయ్."

ఎన్నడూ నా పక్షం మాట్లాడని మనిషి, ఆ ఒక్కరోజు నేను అడగకుండానే నా పక్షాన నిలబడ్డారని నాకు కళ్లు చెమర్చాయి.

మర్నాడు ఫస్ట్ ప్రైజ్ దగ్గర పంచాయితీ పడింది. లెక్చరరు గారు నల్లదానికి ఇవ్వాలన్నారు. విశాఖపట్నం ఆవిడ వరద బొంత అన్నారు. ఇద్దరూ నా వైపు చూశారు. నోరు మూసుకుని నల్లదాని వైపు తల ఊపితే చాలు, కథ అయిపోయేది. "నాకు తెలిసినామెది కావచ్చు," అని మాత్రం సెక్రటరీతో అన్నాను. ఆమె, "ఊళ్లె అందరు మీకు తెలిసినోళ్లే అక్కా, గట్లయితే జడ్జి దొరకదు," అని కొట్టిపారేసింది. ఇంతలో లెక్చరరు గారు ఆ బొంతలో 'ఎమోషన్ కొంచెం ఎక్కువైంది' అన్నారు. అంతే, నాకు తెలియకుండానే నేను లేచాను. నీళ్లు ఎట్లా వస్తాయో, బురద వాసన ఎన్ని రోజులు పోదో, పొయ్యి పోతే వండుకోవడం ఎట్లాగో ఆయనకు చెప్పాను. తిట్టిపోద్దామనుకున్న బొంత తరఫున వకీలులా వాదించాను. ఆయన చాలాసేపు విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, "సరే, ఇచ్చేద్దాం," అన్నారు.

ఆదివారం బహుమతుల సభ. మా ఆయన తలనొప్పి అన్నారు, షాపులో స్టాకు చూసుకోవాలన్నారు, స్కూటరులో పెట్రోలు లేదన్నారు. నేను బలవంతాన తీసుకెళ్లాను. గేటు దగ్గరే మా వదిన దొరికింది. కొత్త చీర కట్టుకుని, తమ్ముడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి రెండో వరసలో పక్కన కూర్చోబెట్టుకుంది. నన్నూ లెక్చరరు గారినీ వేదిక మీద ఆ రెండు ఎర్ర కుర్చీలలోనే కూర్చోబెట్టారు. కింద ఎవరో ముసలామె, "పిల్లగాడు జర పెద్దోడున్నడు," అంది. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. మా వదిన లేచి వచ్చి ప్రైజ్ తీసుకునేటప్పుడు ఆమె మొహంలోకి ఎలా చూడాలా అని ఆలోచిస్తున్నాను.

ఫస్ట్ ప్రైజ్ పేరు చదివారు. అది మా వదిన పేరు కాదు.

వెనక వరసలోంచి ముప్పై అయిదేళ్లావిడ ఒకరు లేచి, చెప్పులు విడిచి వేదిక ఎక్కారు. "నాకు మాట్లాడరాదు," అని మైకు అందుకుని, ఇక వదల్లేదు.

"మాది ఖిలా వరంగల్. బ్లౌజులు కుడ్త. గా వానలకు మా ఇంట్ల నడుములదాక నీళ్లచ్చినయ్. గా నెత్తిమీద పొయ్యి వెట్టుకున్నామె నేనే. నీళ్లు గింత మంచిగ ఎట్ల మెరుస్తానయని అందరు అడుగుతాండ్రు. అది పట్టుచీర. నేను కొనలే. కట్‌పీసులు అడుగుతె ఒక షాపు అన్న మూటగట్టి ఇచ్చిండు, అండ్ల అచ్చింది. కోసెతందుకు చేతులు రాక ఇన్నేండ్లు దాసిన. దాని మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ ఉండె. గా మచ్చనే పడవ జేసిన."

హాలంతా చప్పట్లు. విశాఖపట్నం ఆవిడ, "ఇస్త్రీపెట్టె!" అని తొడ చరిచారు.

"తప్పిపోయి అచ్చిందేమోనని నేను గా చీర వట్టుకొని మల్ల షాపుకు గూడ పోయిన. అన్న రెండు చేతులు జోడించిండు. 'అమ్మా, నీకు దండం వెడ్త, తీస్కపో, మల్ల ఇటు తేకు' అన్నడు. గసుంటి మంచి మనిషి. ఈడనే ఉన్నడు, అగో!"

అందరి తలలూ ఆమె వేలు చూపించిన వైపు తిరిగాయి. రెండో వరసలో మా ఆయన సీలింగు ఫ్యానును చాలా శ్రద్ధగా చూస్తున్నారు. పక్కన మా వదిన మెల్లగా, చాలా మెల్లగా తమ్ముడి వైపు తిరిగింది. తర్వాత లేచింది. వేదిక ఎక్కి, ఖిలా వరంగల్ ఆవిడ చేతిలోంచి మైకు తీసుకుంది.

"గా చీర నేను వాపస్ ఇచ్చిన," అంది హాలంతటికీ. "తమ్ముని చేతుల వెట్టిన. అందరు వినుండ్రి. ఇగో, మా మరదలు గూడ వింటాంది." తర్వాత కిందికి చూసి, "ఏమిరా, ఇచ్చిన్నా లేదా?" అని అడిగింది.

మా ఆయన ఫ్యానును వదిలిపెట్టి, "ఇచ్చినవక్కా," అన్నారు.

ఇదంతా కార్యక్రమంలో భాగమనుకుని లెక్చరరు గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన్ను చూసి మిగతావాళ్లూ కొట్టారు. నేను ఆ పెళ్లికూతురి కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాను. దూరం నుంచి చూసేవాళ్లకు సిగ్గుపడుతున్నట్టే ఉండి ఉంటుంది.

సభ అయ్యాక భోజనాల హాల్లో ఆయన్ను గోడకు ఆనించి నిలబెట్టాం. అక్క ఒక వైపు, నేను ఒక వైపు.

"చీర నలిగున్నది. నువ్వచ్చేలోపు ఇస్త్రీ జేసి పెడ్దామనుకున్న. ఫోనచ్చింది. మాట్లాడి చూసేసరికి పొగ," అన్నారు.

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?" అన్నాను.

"మొదలే చెప్తే నువ్వొక్కదానివే తిడుదువు. తర్వాత చెప్తే ఇద్దరు తిడ్తరు. జర ఆగితే మీరే మర్చిపోతరనుకున్న."

ఇంతలో ఖిలా వరంగల్ ఆవిడ పరుగున వచ్చింది. విషయం తెలిసి ఆమె మొహం పాలిపోయింది. "అక్కా, నీ చీరనా? నేను కోసేసిన గదక్కా!"

"మంచిగనే కోసినవమ్మా. గా చిలకను గోడ మీద అటు తిప్పి ఎందుకు వెట్టినవ్?"

"అది ముందుగాల్నే అటు తిరిగున్నది. నీళ్లు చూడలేక మొఖం తిప్పుకున్నదనుకున్నక్కా."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ చీరను నేను ఎన్నిసార్లు కట్టి ఉంటానో గాని, ఆ చిలకను ఒక్కసారీ అలా చూడలేదు.

ఆయన్ను స్కూటరుతో పాటు అక్కడే వదిలేసి మా వదినా నేనూ ఆటో ఎక్కాం. ఎక్కగానే ఆమె ఫోను తీసి చుట్టాలకు వరసగా చెప్పడం మొదలుపెట్టింది. డోర్నకల్‌లో ఉన్న చిన్నమ్మకు చెవుడు కాబట్టి ఆ ఒక్క ఫోను ఆటో డ్రైవరుకు కూడా మొత్తం అర్థమైంది. అతను అద్దంలోంచి నా వైపు జాలిగా చూశాడు. ఫోన్లన్నీ అయ్యాక నేను అన్నాను:

"వదినా, తప్పయింది. నీ మీద అనుమానపడ్డ."

"అనుమానం సరే, అది తమ్ముని లెక్క. ముందుగాల ఇది చెప్పు. నా బొంత గోడ మీద ఎందుకు లేదు?"

"ఏది నీది?"

"నెమలి. చూడంగనే గుర్తువడ్తవనుకున్న. మా ఇంట్ల సోఫా కవర్ల సాటినే గదా అది!"

ఆటో గతుకులో పడి లేచింది. అబద్ధం చెప్పడానికి నాకు ఆ కాస్త సమయమూ సరిపోలేదు.

"బాగలేదు వదినా. మస్తు మెరుస్తాంది."

ఆమె కాసేపు బయటికి చూసింది. ఇక మళ్లీ ఆరేడేళ్లు అనుకున్నాను. తర్వాత ఆమె భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకుని భయపడ్డాను. నవ్వుతోంది.

"మా ఆయన గూడ గదే అన్నడు. రాత్రి లైటేస్తే నిద్ర వడ్తలేదన్నడు. జడ్జి అయినందుకు నువ్వు జర మర్యాదగ చెప్పినవ్."

చౌరస్తా దగ్గర ఆమె వేరే ఆటో మారాలి. మారలేదు. "ఈమె ఇంటికే పోనియ్," అంది డ్రైవరుతో. "వాడస్తడు గద. నేను గూడ ఉండాలె."

ఇంటికి వెళ్లి ఇద్దరం చాయ్ పెట్టుకున్నాం. మిగిలిన సకినాలు డబ్బాతో సహా ముందు పెట్టుకుని, చిన్నప్పుడు ఆయన దాచిన తప్పులు ఒక్కొక్కటీ ఆమె చెబుతుంటే విన్నాను. పగిలిన రేడియో, స్కూల్లో పోయిన గొడుగు, ఎవరి మీదికో తోసేసిన సైకిలు. ప్రతి దానిలోనూ తిట్లు తిన్నది ఆమే. చాలా పొద్దు పోయాక గేటు చప్పుడైంది. స్కూటరు ఇంజను ఆపేసి, చప్పుడు కాకుండా తోసుకుంటూ తెచ్చినట్టున్నారు. కిటికీలోంచి చూశాను. చేతిలో పెద్ద మిఠాయి డబ్బా.

తలుపు నేను తీయలేదు. వదిన తీసింది.